చావడి గోడ మీది ఊరు

తుంగభద్ర మా రాజోలిలోకి వచ్చి సాలెవాళ్ల మగ్గం గుంతలన్నీ నింపిపోయిన ఏడాది నుంచి లెక్కపెడితే ఇదంతా జరిగింది మూడో ఏడు. వేరే లెక్క నాకు తెలియదు. మగ్గం నేసే మనిషి నేలలో గుంత తవ్వుకొని, అందులోకి కాళ్లు దించుకొని కూర్చుంటాడు. ఏరు ఊళ్లోకి వస్తే మొదట నిండేది ఆ గుంతే. ఆ ఏడాది గుంతల్లో నీళ్లు తోడితే చేపలు పడ్డాయి. సాలె మాసయ్య తన గుంతలో దొరికిన వాలుగను పులుసు పెట్టించుకొని తిని, "ఇరవై ఏండ్ల సంది గీ గుంతల కూసున్న, గిదొక్కటే లాభం" అన్నాడు.

నీళ్లు తీసినాక ఊరంతా కలిసి, మమ్మల్ని ఎత్తు మీదికి మార్చండి అని సర్కారుకు అర్జీ పెట్టుకుంది. జవాబు రాలేదు.

నేను సున్నం కొట్టేవాణ్ణి. నా పేరు నాగప్ప. మా పక్కింటి కుబ్రా బేగం కొడుకు యూనుస్ ఆ ఏరు వచ్చిన ఏడే యుద్ధానికి పోయాడు. అంతకు ముందు పీర్ల పండుగకు పులివేషం మొక్కుకున్న మగవాళ్లకు ఒంటికి రంగులు వేసేది అతనే. ముందు ఒళ్లంతా పసుపు రంగు పూసి, అది ఆరినాక నల్లచారలు గీసి, చివరికి పొట్ట మీద పులి తల వేసేవాడు. పొట్టగల మనిషి ఊపిరి పీలిస్తే ఆ పులి నోరు మూసేది, వదిలితే తెరిచేది. పిల్లలు అందుకే వెంట పడేవాళ్లు. గద్వాలలో పటాలంలోకి మనుషుల్ని తీసుకుంటుంటే ఇతనూ పోయి వరుసలో నిలబడ్డాడట. ఏం పని వచ్చు అని అడిగితే "పులుల్ని చేస్త" అన్నాడట. రాసుకున్నారట.

మూడో ఏడు చలికాలం, పీర్ల పండుగకు పది దినాల ముందు తిరిగొచ్చాడు. గద్వాలలో రైలు దిగి ఎవరిదో బండి పట్టుకొని వచ్చాడు. ఒంటి మీద ఒక్క గాటు లేదు. మాసయ్య చుట్టూ తిరిగి చూశాడు.

"యుద్ధం జూసినవా, యుద్ధం పక్కపొంటి పోయినవా?"

యూనుస్ నవ్వి ఊరుకున్నాడు. ముందు అతను మాటకారి. ఇప్పుడు నాకంటే తక్కువ మాట్లాడుతున్నాడని మా ఆవిడ రుక్కమ్మ కనిపెట్టింది. "మా ఇంటి రోగం పక్కింటికి అంటుకున్నది" అన్నది.

కుబ్రా బేగం మాత్రం నవ్వలేదు. దడి అవతల నిలబడి నాతో చెప్పింది.

"నాగప్పా, వాడు కప్పు కింద ఉంటలేడు. బువ్వ గిన్నె పట్టుకొని వాకిట్ల నిలబడి తింటుండు. తినుకుంట పైకి చూస్తుండు. కొంగ పోయినా సరే, గిన్నె ఇడిసి గోడకు అతుక్కుంటుండు. మూడు గిన్నెలు సొట్టపోయినయ్ బిడ్డా."

"ఊఁ" అన్నాను.

పండుగ నాడు పొద్దున ఆరుగురు మొక్కుబడి మగవాళ్లు గోచీలు పెట్టుకొని పీర్ల కొట్టం ముందర వరుసగా నిలబడ్డారు. ఊరవతలి జంగయ్య మొదటివాడు. యూనుస్ అందరికీ పసుపు రంగు పూశాడు. చేయి పాత చేయే, ఎక్కడా చారికలు లేవు. అది ఆరినాక నల్లరంగులో కుంచె ముంచి జంగయ్య భుజం మీద ఒక చార గీశాడు. గీసి, ఆ చారను చూస్తూ నిలబడిపోయాడు. కుంచెను ముంతలో పెట్టి ఏటి దిక్కు నడిచి వెళ్లిపోయాడు.

వస్తాడు వస్తాడని ఆరుగురూ చలిలో పళ్లు కొరుక్కుంటూ నిలబడ్డారు. రాలేదు. డప్పులు మొదలైపోయాయి. డప్పు మోగినాక పులి ఆగకూడదు. పసుపు ఒళ్లతోనే ఎగిరారు.

"ఇవేం పులులమ్మా?" అని రుక్కమ్మ అందరికీ వినబడేలా అన్నది. "నలుగు పెట్టిన పెండ్లికొడుకుల లెక్కున్నయ్. ఆరుగురికి ఆరుగురు పిల్లల్ని చూడుండ్రి."

"నాకు చారున్నది, నేను పులినే" అన్నాడు జంగయ్య భుజం చూపించి.

ఊరు నవ్వింది కానీ, మొక్కు సగంలో ఆపాడని యూనుస్ మీద కోపం కూడా పెట్టుకుంది. ఎందుకు ఆపావని ఎవరు అడిగినా అతను చెప్పలేదు. నేను అడగలేదు.

నెల తిరిగినాక పోలీసు పటేలు వెంకట్రాములుకు, ఊళ్లు తనిఖీ చేసే సర్కారు మనిషి గిర్దావరు దగ్గర నుంచి కాగితం వచ్చింది. చావడి పొడుగు గోడ మీద యుద్ధం బొమ్మ వేయించాలి. విమానాలుండాలి, తుపాకులుండాలి. అది చూసి పడుచువాళ్లు పటాలంలో చేరాలి. గిర్దావరు స్వయంగా వచ్చి చూస్తాడు.

"ఊర్ల యుద్ధం జూసినోడు ఒక్కడే" అన్నాడు పటేలు. "వాణ్నే పిలువుండ్రి. ఆరు పులుల్ని ఆగం జేసిండు, దానికి గిది జుల్మానా అనుకోమనుండ్రి."

నేను గోడకు మూడు పూతలు సున్నం కొట్టాను. యూనుస్ వచ్చి గోడ మీద అరచేయి ఆనించాడు.

"ఎంత పొడుగుంటది నాగన్నా?"

"పదారు మూరలు."

మనసులో ఏదో లెక్క వేసుకున్నాడు. "సరిపోతది" అన్నాడు. దేనికి సరిపోతుందో చెప్పలేదు.

సాలెవాళ్ల రంగు కాగుల అడుగున మిగిలిన నీలి తెచ్చుకున్నాడు. ఎర్రజాజు, మసి, పసుపు, తుమ్మబంక నేను సమకూర్చాను. మొదటి దినం గోడ అడుగున ఈ మూల నుంచి ఆ మూలకు నీలితో ఏరు గీశాడు. పటేలు చూసి సంతోషపడ్డాడు. "పడవల యుద్ధం. మంచిగుంటది." రెండో దినం ఏటి ఒడ్డున నాలుగు గుంజలు నిలబెట్టాడు. "ఫిరంగులు. నేను చెప్పలేదా" అన్నాడు పటేలు. మూడో దినం ఆ గుంజల మీద పలకలు పరిచి, చుట్టూ వెదురు తడికెలు కట్టి, ఆకుల కప్పు వేసి, కిందికి నిచ్చెన మెట్లు దించాడు. పటేలు చాలాసేపు చూశాడు.

"గిదేం ఫిరంగిరా? మెట్లున్నయ్."

"ఇల్లు పటేలా."

"ఇంటికి కాళ్లేంది?"

"ఆడ గట్లనే కట్టుకుంటరు" అన్నాడు యూనుస్.

పటేలు అంతవరకే విని పోయాడు. ఆ 'ఆడ' ఎక్కడో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే తరువాతి గోల ఉండేది కాదు.

ఆరో దినానికి అలాంటి ఇండ్లు అయిదు లేచాయి. మాసయ్య నూలు ఆరేసి ఆ దోవన వస్తూ ఆగాడు. ఏరు చూశాడు. ఏటి పక్కన కాళ్ల మీద నిలబడ్డ ఇండ్లు చూశాడు. ఉన్నట్టుండి కేక పెట్టాడు.

"ఓరి మీ పాసుగాల! అర్జీకి జవాబొచ్చిందిరో!"

అయిదు నిమిషాల్లో సాలెవాళ్ల వాడంతా చావడి ముందర ఉంది. మాసయ్య చేయి చాపి చూపిస్తున్నాడు. "గిది ఏరు. గింత ఎత్తు గుంజలు. నీళ్లొస్తే కిందికెల్లి పోతయ్, మనం పైన కూసోని కాళ్లూపుకుంట చూడొచ్చు. మనల్ని ఎత్తు మీదికి మార్చమంటే సర్కారు ఏం జేసింది? ఎత్తునే మనకాడికి పంపిస్తుంది!"

చావడి సర్కారుది. గోడ మీద బొమ్మ వేయమన్న హుకుం సర్కారుది. మేము అర్జీ పెట్టుకున్నది ఏటి గురించి. నాకు కూడా నిజమేననిపించింది. పటేలు మొదట "అరె, గది యుద్ధం బొమ్మ" అన్నాడు. సాయంత్రానికి "యుద్ధమని పైకి రాస్తరు, లోపల మతలబు వేరే ఉంటది" అన్నాడు. మరునాటికి, అర్జీ రాసినప్పుడు ఇండ్లకు కాళ్లు పెట్టమని తానే ఒక మాట కలిపానని చెప్పుకుంటున్నాడు.

యూనుస్ దినానికొక ఇల్లు, ఒక్కోసారి రెండు లేపుతున్నాడు. మొత్తం ఎన్ని అని అడిగితే "ముప్పై రెండు" అన్నాడు. సాలెవాళ్లవే నూరు గడపలు. ముప్పై రెండంటే ఎవరివి అని తగాదా మొదలైంది. మాసయ్య ఏటికి అన్నిటికంటే దూరంగా, మూలకు ఉన్న ఇల్లు తనదన్నాడు. దాని పక్కన తాటిచెట్టు కూడా ఉంది. రుక్కమ్మ నిచ్చెన మెట్లు బాగా నిటారుగా ఉన్న ఇల్లు ఏరుకున్నది.

"మా అత్తకు మోకాళ్ల నొప్పులు. గీ మెట్లెక్కుడు ఆమెతోని కాదు. గిదే గావాలె నాకు."

మా అమ్మ అక్కడే ఉంది. "నేను కిందనే కూసోని, నువ్వు దిగుతవు గద, చూస్త" అన్నది.

ఇంతలో ఒకనాడు మాసయ్య మొహం మాడ్చుకొని వచ్చాడు. రాత్రంతా నిద్ర లేదట.

"ఆగుండ్రి అందరు. ఇల్లు గాల్ల ఉంటది, బాగనే ఉన్నది. మగ్గం గుంత ఏడ తవ్వాలె?"

అందరూ నోళ్లు తెరిచారు. అది ఎవరికీ తోచలేదు. గుంత లేనిదే కాళ్లు ఎక్కడ పెట్టాలి, కాళ్లు పెట్టనిదే నేత ఎలా పడుతుంది? పలకలకు రంధ్రం చేసి కాళ్లు కిందికి వేలాడదీసుకుందామని ఒకరన్నారు. "కిందికెల్లి కుక్క కరుస్తది" అని ఇంకొకరు. మూడు దినాలు నడిచింది ఆ పంచాయితీ. చివరికి మాసయ్య, "గాల్ల గుంత తవ్వేటోడు ఇంక పుట్టలే. పోయి యూనుస్‌నే అడుగుదాం" అన్నాడు.

యూనుస్ కుంచె ఆపలేదు. "ఇంటి కింద పెడ్తరు మామా, మగ్గం. గుంజల నడుమ నీడుంటది గద. నడుముకు పట్టీ కట్టుకొని నేస్తరు. గుంత ఉండదు."

"ఎవరు నేస్తరు?"

"ఆడోళ్లు. ఆడ అందరు నేస్తరు."

సాలెవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. యూనుస్ ఒక ఇంటి కింద నీడలో మగ్గం గీశాడు, దాని ముందు ఒక మనిషిని కూర్చోబెట్టాడు. మాసయ్య ముక్కు గోడకు తగిలేంత దగ్గరికి పోయి చూశాడు.

"పడుగు వంకర పోయింది. గట్లుంటే గుడ్డ నెలవంక లెక్కొస్తది. తుడువు. తుడిచి మళ్ల గియ్యి."

యూనుస్ తుడిచి మళ్లీ గీశాడు. మాసయ్య పోగులు లెక్కపెట్టాడు. "నాలుగు తక్కువున్నయ్." ఆ నాలుగూ గీయించి గానీ పోలేదు. ఆ తరువాత రోజూ నూలు పని వదిలి వచ్చి కూర్చొని, ప్రతి ఇంటి కింది మగ్గాన్నీ పరీక్ష చేశాడు.

ఇండ్లు వచ్చినాక మనుషులు వచ్చారు. ఒక అరుగు మీద ముసలామె, మొక్కజొన్న కంకి అంత చుట్ట నోట్లో పెట్టుకొని. ఒక మెట్టు మీద ఇద్దరు పిల్లలు, పంది పిల్ల. ఒకతను వల ఆరేస్తున్నాడు. "మన ఊర్ల గింత చుట్ట తాగే ఆడిది ఎవలున్నరు?" అని వాదించుకొని, చివరికి అది మా ఊరి ముసలి జములమ్మ అని ఖాయం చేసుకున్నారు. ఆమె చుట్ట మానేసి ఏడేండ్లయింది. ఆ బొమ్మ చూసి వచ్చి మళ్లీ మొదలుపెట్టింది.

గోడ పై సగం మాత్రం యూనుస్ ముట్టుకోలేదు. నేను కొట్టిన సున్నం అలాగే తెల్లగా ఉంది. "పైనంత బోసిగున్నది, ఏమన్న వెయ్యరాదు?" అన్నది రుక్కమ్మ.

"ఖాళీగనే ఉండాలె వదినె. గందుకే గంత జాగ ఇడిసిన" అన్నాడు.

ఆ దినాల్లోనే ఒక పొద్దున కుబ్రా బేగం దడి కాడికి వచ్చింది. ఈసారి కళ్ల నీళ్లు పెట్టుకొని నవ్వుతున్నది.

"రాత్రి లోపల పండుకున్నడు నాగప్పా. కప్పు కింద! బువ్వ కూసోని తిన్నడు. ఇంకింత పెట్టమ్మా అన్నడు. ఆ గోడ ఉన్నన్ని దినాలు నా కొడుకు మనిషి లెక్కుంటడు. జర నువ్వు చూసుకో బిడ్డా. నీ సున్నం మీదనే ఉన్నడు వాడు."

"ఊఁ" అన్నాను. ఈసారి ఆ 'ఊఁ' నాకు బరువుగా ఉండింది.

ముప్పై రెండో ఇల్లు పూర్తయిన మరునాడు, పొద్దు నడినెత్తి దాటినాక, గిర్దావరు గుర్రం మీద వచ్చాడు. అద్దాలు పెట్టుకున్న సన్నటి మనిషి. దుమ్ము దులుపుకొని గోడ ముందర నిలబడ్డాడు. ఈ మూల నుంచి ఆ మూలకు నడిచాడు. మళ్లీ వెనక్కి నడిచాడు.

"జంగ్ ఏది? యుద్ధం ఏడున్నది?" అన్నాడు.

పటేలు గొంతు సవరించుకున్నాడు. ఈలోపు సాలెవాళ్లు చుట్టూ మూగారు.

"సాబ్, ఎప్పటికల్ల కడ్తరు?"

"తాటిచెట్టున్నది నాది సాబ్, రాసుకోండ్రి. మాసయ్య."

"మెట్లు గింత నిటారుగనే ఉండాలె దొరా, జర తగ్గొద్దు" అన్నది రుక్కమ్మ.

గిర్దావరు అద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నాడు. "ఏం కడ్తరు? ఎవరు కడ్తరు?" పటేలును పక్కకు పిలిచి మాట్లాడాడు. పటేలు తల ఊపుతూ ఊపుతూ, ఊపడం ఆపేశాడు. వెనక్కి వచ్చి మాసయ్యతో మెల్లగా అన్నాడు. "అర్జీ సంగతి సాబ్‌కు తెల్వనే తెల్వదట. గిది ఉత్త బొమ్మనే."

మాసయ్య తాటిచెట్టు దిక్కు చూశాడు, నేల దిక్కు చూశాడు.

గిర్దావరు చెడ్డవాడు కాడు. బొమ్మ అతనికి నచ్చింది, అది మొహం మీద కనబడుతూనే ఉంది. పంది పిల్లను చూసి మూతి తిప్పుకున్నాడు గానీ, వల ఆరేసే మనిషి ముందర చాలాసేపు నిలబడ్డాడు. "బహుత్ ఖూబ్. చేతిల పని ఉన్నది నీకు" అన్నాడు యూనుస్‌తో. "దీన్ని తుడుసుడెందుకు? ఒక పని చెయ్. పైనంతా ఖాళీ ఉన్నది గద. ఆడ రెండు విమానాలు వెయ్. పెద్దగ. నీ బొమ్మ ఉంటది, నా హుకుం గూడ ఉంటది."

ఊరికి ప్రాణం లేచి వచ్చింది. ఇల్లు రాకపోతే పోయె, బొమ్మన్నా ఉంటుంది. "రెండేనా సాబ్? నాలుగేస్తడు" అన్నాడు పటేలు.

"వెయ్యను" అన్నాడు యూనుస్.

"ఏమైతదిరా? రెండే గదా!"

యూనుస్ చేతిలో కుంచె ఉంది. దాన్ని తిప్పుతూ, గిర్దావరుతో కాదు, గోడతో చెప్పినట్టు చెప్పాడు.

"నాతోని లారీలకు చారలు ఏయించిండ్రు సాబ్. ఆకు లెక్క, మట్టి లెక్క, నీడ లెక్క. పైనుంచి చూస్తే కనబడొద్దని. పులికి ఏసేటోడివి లారీకి వెయ్యవా అన్నరు. మంచిగేసిన. మా సుబేదారు గుట్టెక్కి చూసి, ఏడున్నయో తెలుస్తలేదు శభాష్ అన్నడు. ఇరవై లారీలు. గీ గోడ మీదున్న ఊరి పక్కన చెట్ల కింద పెట్టినం. పది దినాలున్నం. గీ ముసలమ్మ మాకు అరటిపండ్లు ఇచ్చేది. ఒకనాడు పొద్దుగాల విమానాలు వచ్చినయ్. లారీలు కనబడలే. ఊరు కనబడ్డది." కుంచెతో ఇండ్ల వరుస చూపించాడు. "ముప్పై రెండు ఇండ్లు. ఊరికి గూడ చారలు వెయ్యమని నాకు ఎవరూ చెప్పలే సాబ్."

జంగయ్య ఎందుకో తన భుజం తడుముకున్నాడు.

గిర్దావరు ఆ ఇండ్లను మరోసారి చూశాడు. తరువాత గొంతు తగ్గించి, "అవి వాళ్లవి. నువ్వు మనవి వెయ్. మన విమానాలు" అన్నాడు.

"కిందున్నోళ్లకు ఏం తెలుస్తది సాబ్, ఎవరివో."

గిర్దావరు గుర్రం కళ్లెం పట్టుకున్నాడు. "నేనేం చెయ్యాలె భాయ్? నాకు పైన గూడ ఒకడున్నడు. వడ్డేపల్లి పోతున్న, రేపు పగటిపూట మళ్ల వస్త. గప్పటికి పైన విమానాలుండాలె. లేదంటే మొత్తం సున్నం." చివరి మాట నన్ను చూసి అన్నాడు. ఏ ఊళ్లోనైనా సున్నం కొట్టేవాణ్ణి చేతులు చూసి గుర్తుపట్టొచ్చు.

అతను పోయినాక ఎవరూ ఇండ్లకు పోలేదు. ఉపాయాల మీద ఉపాయాలు చెప్పారు. విమానాల్ని ఈగలంత వెయ్యమన్నారు. గిర్దావరుకు చూపు తక్కువ, పిట్టల్ని వేసి విమానాలని చెబుదామన్నాడు పటేలు. "కొంగకు మీసాలు పెడితే సాలదా?" అన్నది జములమ్మ, చుట్ట పక్కకు జరిపి.

యూనుస్ అన్నిటికీ తల అడ్డంగా ఊపాడు. "ఏదేసినా పైన ఉన్నట్టే గద. ఒక్కసారి వచ్చినయ్, సాలు."

మాసయ్య అప్పటిదాకా అలిగి దూరంగా కూర్చున్నాడు. లేచి తాటిచెట్టు ఇంటి ముందుకు వచ్చాడు.

"గీ ఇంట్ల ఎవరుండె?"

"ఒక ముసలాయన. నీ లెక్కనే మామా, బేరం మనిషి. కోడిగుడ్డు అమ్మి, మల్లొచ్చి, గుడ్డు పెద్దగున్నది ఇంకింత ఉప్పియ్యి అనేటోడు."

మాసయ్య నవ్వాడు. "మనోడే." తరువాత, "ఉన్నడా?" అన్నాడు.

యూనుస్ కుంచెను ముంతలో పెట్టాడు. మాసయ్య కండువాతో మొహం తుడుచుకున్నాడు. "నా ఇంటి మీదికి విమానం రానియ్య. ఎవడేస్తడో చూస్త" అని గోడకు వీపు పెట్టి కూర్చున్నాడు, అప్పుడే ఎవరో వేయడానికి వస్తున్నట్టు.

యూనుస్ నా దగ్గరికి వచ్చాడు. ముంతలన్నీ కడిగి బోర్లించాడు. "నాగన్నా, రేపు పొద్దుగాల సున్నం దెచ్చి కప్పు. వేరేటోడు చేసేదానికన్న నువ్వు చేస్తెనే మంచిగుంటది. నీ చేయి మెత్తన."

"ఊఁ" అన్నాను.

అందరూ ఆ మాట విన్నారు. కుబ్రా బేగం కొంగు నోటికి అడ్డం పెట్టుకొని ఇంటికి పోయింది. పోయేటప్పుడు చూశాను, ఆమె వెనుక నడుస్తున్న యూనుస్ చావడి దాటీ దాటగానే తల ఎత్తి ఆకాశం దిక్కు చూశాడు. ఆ రాత్రి అతని మంచం వాకిట్లో పడింది. రుక్కమ్మ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. పెండ్లయినాక మా ఇంట్లో అంత నిశ్శబ్దం అదే మొదలు. నాకు నిద్ర పట్టలేదు.

తెల్లవారగానే లేచి పెరట్లోకి పోయాను. పందిరి మీద చిక్కుడు విరగకాసి ఉంది. ఆకు దూయడం మొదలుపెట్టాను. రుక్కమ్మ చీపురుతో వచ్చింది.

"ఏమయ్యో! మతి గిట్ల పోయిందా? పందిరంత ఒలుస్తున్నవేంది?"

"ఆకు గావాలె."

"సున్నం కొట్టెటందుకు ఆకెందుకు?"

రోట్లో వేసి దంచాను. ఆమె కొంచెంసేపు నిలబడి చూసింది. చీపురు పక్కన పడేసి వెనకింటి పందిరికి పోయింది. తిరిగొచ్చేటప్పుడు గంపెడు ఆకు తెచ్చింది, దాంతోపాటు వాళ్ల తిట్లు కూడా వినబడ్డాయి. పసరు తీసి, తుమ్మబంక కలిపి, నిచ్చెన భుజాన వేసుకొని చావడికి పోయాను. మాసయ్య గోడకు ఆనుకొని అలాగే కునుకుతున్నాడు. నా చేతిలో ముంత చూసి దుడ్డుకర్ర ఎత్తబోయి, లోపల పచ్చగా ఉండేసరికి దించాడు.

నాకు బొమ్మ రాదు. ఇల్లు రాదు, మనిషి రాడు, పిట్ట కూడా రాదు. నిచ్చెన ఎక్కి, గుడ్డముక్కను ఆకులా మడిచి, పసరులో ముంచి గోడకు అద్దాను. ఒక ఆకు పడింది. పక్కన ఇంకొకటి అద్దాను. తాటిచెట్టు ఇంటి కప్పు మీది నుంచి మొదలుపెట్టాను. ఆకు మీద ఆకు, కొమ్మ లేదు, మాను లేదు, ఆకులే. పసరు పలచబడితే మాసయ్య పరిగెత్తి పోయి కాగు అడుగు నీలి తెచ్చి కలిపాడు. ముదురు ఆకు, లేత ఆకు రెండూ వచ్చాయి. కింద నిలబడి, "ఏటి దిక్కు ఇంకింత దట్టంగుండాలె, విమానాలు ఆడికెల్లే వస్తయ్" అని చేయి ఊపాడు. రుక్కమ్మ నిచ్చెన పట్టుకున్నది.

పొద్దెక్కేసరికి పటేలు వచ్చాడు. నెత్తి మీద చేతులు పెట్టుకున్నాడు.

"ఒరేయ్ నాగప్పా! సాబ్ వచ్చి విమానాలేవిరా అంటే నేనేం చెప్పాలె?"

"జాగ లేదని చెప్పు" అన్నాను.

పటేలు గోడ చూశాడు. ఆ మాట ఒకటి రెండు సార్లు నోట్లో తిప్పుకున్నాడు. "జాగ లేదు సాబ్" అని మెల్లగా అనుకొని చూశాడు. అది అబద్ధం కాదు కదా అన్నట్టు తల ఊపాడు.

యూనుస్ ఎప్పుడు వచ్చాడో నేను చూడలేదు. చేతులు కట్టుకొని గోడకు ఎదురుగా, కొంచెం దూరంగా నిలబడి ఉన్నాడు. అద్దుతూనే ఉన్నాను. సున్నం కొట్టేవాడికి తెలిసిన విద్య ఒక్కటే, సందు వదలకుండా కొట్టడం. చాలాసేపటికి అతని గొంతు వినబడింది.

"నాగన్నా, ఆ మూలకు సందున్నది."

నిచ్చెన దిగి, దాన్ని ఆ మూలకు జరుపుకొని, మళ్లీ ఎక్కి, ఆ సందులో ఒక ఆకు అద్దాను.